పూచీకత్తు ఉత్తరాలు: అమెరికా రెసిడెన్సీ దరఖాస్తులో నాలుగు కాగితాల కథ

తెలుగులో 'సిఫార్సు' అన్న మాటకు మంచి పేరు లేదు. సీటు కోసమో బదిలీ కోసమో ఎవరైనా సిఫార్సు ఉత్తరం పట్టుకొచ్చారంటే, అర్హత చాలక ఎవరి గుమ్మమో తొక్కి వచ్చారని అర్థం. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే స్పెషాలిటీ శిక్షణకు, దరఖాస్తు పెట్టే మన డాక్టర్లు మొదట తడబడేది ఇక్కడే. వాళ్లు పెరిగింది ర్యాంకుల లోకంలో. నీట్ పీజీ అంటే 200 ప్రశ్నలు, 800 మార్కులు, ఒక ర్యాంకు. అది ఎంతో తెలిస్తే జనరల్ మెడిసిన్ వస్తుందా, మరోదానితో సరిపెట్టుకోవాలా అన్నది తేలిపోతుంది. ఆ డాక్టరు రాత్రి డ్యూటీలో ఫోనెత్తుతాడా, రోగి కొడుకుతో ఎలా మాట్లాడతాడు, తెలియనిది తెలియదని ఒప్పుకుంటాడా అని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు.

అమెరికాలో అడుగుతారు. దరఖాస్తుదారుణ్ణి పనిలో చూసినవాళ్లని పట్టుకుని అడుగుతారు. వాళ్లిచ్చే జవాబే 'లెటర్ ఆఫ్ రికమెండేషన్', మన పిల్లల వాడుకలో ఎల్ఓఆర్. దీనికి తెలుగులో సరిపోయే మాట 'పూచీ' అని నాకనిపిస్తుంది. అప్పుకు పూచీ పడేవాడు అప్పు అడిగేవాణ్ణి పొగడడు. "ఇతన్ని నేనెరుగుదును, తేడా వస్తే నన్నడగండి" అంటాడు. ఊళ్లో అతనికున్న పరపతి ఎంత, ఇదివరకు ఎందరికి పూచీ పడ్డాడు, వాళ్లలో ఎందరు ఎగ్గొట్టారు అన్న లెక్కను బట్టి అతని మాట చెల్లుతుంది. ఈ ఉత్తరాల మీద అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తున్న చర్చనంతా ఒక్కచోట పెట్టి చూస్తే, అది ఈ లెక్క చుట్టూనే తిరుగుతున్నట్టు కనబడుతుంది.

ఉత్తరం నడిచే దారి

ముందు పద్ధతి చూద్దాం. ఎక్కువ స్పెషాలిటీల దరఖాస్తులు అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం నడిపే ఈరాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వెళతాయి. విదేశాల్లో చదివినవాళ్లకు ఆ తలుపు తాళంచెవి ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ దగ్గర ఉంటుంది. అక్కడ టోకెన్ తీసుకుంటేనే లోపలికి దారి. ఉత్తరం రాయబోయే వారి పేరు, హోదా నమోదు చేస్తే ఒక విన్నపపత్రం వస్తుంది, దాని మీద ఆ ఉత్తరానికే చెందిన ఒక సంఖ్య ఉంటుంది. ప్రొఫెసరు లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి, ఆ సంఖ్య ఆధారంగా ఉత్తరాన్ని నేరుగా పోర్టల్‌లోకి ఎక్కించాలి. దరఖాస్తుదారు చేయి దాని మీద పడకూడదు.

ఎన్ని ఉత్తరాలైనా పోగేసుకోవచ్చు గానీ ఒక్కో ప్రోగ్రామ్‌కు పంపగలిగేది నాలుగే. ఎవరికి ఏ నాలుగు అన్నది దరఖాస్తుదారు ఇష్టం. ఇంటర్నల్ మెడిసిన్‌కూ న్యూరాలజీకీ కలిపి దరఖాస్తు పెట్టేవాళ్లు రెండు జట్లు సిద్ధం చేసుకుంటారు. న్యూరాలజీ వాళ్ల చేతికి "ఇతను పుట్టు ఇంటర్నిస్టు" అనే ఉత్తరం వెళితే పని చెడుతుంది మరి.

ఇంకో మెలిక ఉంది. తమ విద్యా రికార్డులను చూసుకునే హక్కు విద్యార్థులకు ఇచ్చే ఫెర్పా చట్టం అమెరికాలో 1974లో వచ్చింది. ఆ హక్కును వదులుకుంటారా అని ఈరాస్ అడుగుతుంది. దాదాపు అందరూ వదులుకుంటారు. విద్యార్థి చదువుతాడని తెలిసి రాసిన ఉత్తరంలో నిజం పాలు తక్కువని చదివేవాళ్ల అనుమానం. అలా ఒక డాక్టరు తన బతుకును మలుపు తిప్పే కాగితాన్ని, అందులో ఏముందో తెలియకుండానే, వంద చోట్లకు పంపుతాడు. సెప్టెంబరు చివర్లో ప్రోగ్రాములు దరఖాస్తులు తెరుస్తాయి. శీతాకాలమంతా ఇంటర్వ్యూలు. ఎవరికి ఏ చోటు దొరికిందో తేలే మ్యాచ్ డే మార్చి మూడో వారంలో.

ఉత్తరాలకు తాళం వేసిన సంవత్సరం

ఈ ఉత్తరాలకు ఎంత బలం ఉండేదో తెలియాలంటే 1945 దాకా వెనక్కి వెళ్లాలి. అప్పట్లో ఆసుపత్రులకు కావలసిన ఇంటర్న్‌ల కంటే పట్టా పుచ్చుకునే విద్యార్థులు తక్కువ. దాంతో మంచివాణ్ణి ముందే ఖాయం చేసుకోవాలన్న పోటీలో ఆసుపత్రులు ఏడాదికేడాది తొందరపడుతూ వచ్చాయి. 1940ల నడుమకు వచ్చేసరికి, ఇంటర్న్‌షిప్ మొదలు కావడానికి రెండేళ్ల ముందే చోట్లు ఖాయమైపోతున్నాయి. ఇంకా సరిగ్గా వార్డు ముఖం చూడని విద్యార్థి ఎలాంటి డాక్టరవుతాడో ఎవరికి తెలుసు?

గడువులు పెట్టుకుంటే ఆసుపత్రులు మీరాయి. చివరికి 1945లో మెడికల్ కాలేజీలు ఒక ఉపాయం పన్నాయి. ఫలానా తేదీకి ముందు ఏ విద్యార్థి మార్కుల పట్టీనీ, ఉత్తరాన్నీ బయటికి వదలకూడదని ఒప్పందం చేసుకున్నాయి. మందు పనిచేసింది. తొందర ఆగింది. ఉత్తరం లేనిదే ఆసుపత్రులు ఎవరినీ తీసుకునే ధైర్యం చేయవని దాంతో తేలింది.

రోగం మరో రూపంలో తిరిగొచ్చింది. తేదీ రాగానే టెలిగ్రాముల వాన. ఇంకా మంచి చోటు దొరుకుతుందేమోనని విద్యార్థి ఊగిసలాడతాడు, అతను తేల్చేలోపు తన రెండో ఎంపిక చేజారుతుందని ఆసుపత్రి భయపడుతుంది. జవాబు గడువు కుంచించుకుపోయింది. 1949 నాటికి పన్నెండు గంటల వ్యవధి ఇవ్వడం కూడా ఎక్కువేనన్నారు. ఆ గందరగోళంలోంచి పుట్టిందే, విద్యార్థుల జాబితానూ ఆసుపత్రుల జాబితానూ ఒకేసారి కలిపి జతకూర్చే 'మ్యాచ్'. మొదటిది 1952లో జరిగింది. ఈ రకం జతకూర్పుల మీద చేసిన పనికి ఆల్విన్ రాత్, లాయిడ్ షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. జతకూర్చే లెక్క ఎంత పక్కాగా ఉన్నా, ఎవరిని పైన రాసుకోవాలి, ఎవరిని కింద రాసుకోవాలి అన్నది మనుషులే తేల్చాలి. అక్కడ మళ్లీ ఉత్తరం చేతికి రావలసిందే.

పొగడ్తకు ధర పడిపోయిన వేళ

మ్యాచ్ నడిపే సంస్థ ప్రోగ్రామ్ డైరెక్టర్లను అడుగుతూ సర్వేలు చేస్తుంటుంది. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చేటప్పుడు ఏమేం చూస్తారంటే, తమ స్పెషాలిటీ వాళ్లు రాసిన ఉత్తరాలు చూస్తామని 2020లో ఐదుగురిలో నలుగురికి పైగా చెప్పారు. మరి ఆ ఉత్తరాల్లో ఏముంటుంది? నమూనాకు రెండు కల్పించి చూద్దాం.

మొదటిది: "ఈ విద్యార్థిని చాలా తెలివైనది, కష్టపడే స్వభావం గలది, అందరితో కలుపుగోలుగా ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌కు వన్నె తెస్తుందనడంలో సందేహం లేదు."

రెండోది: "గుండె వైఫల్యం ఉన్న ఒక పెద్దాయన రక్తంలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరడం అది రెండోసారి. మేమంతా ఆయన మాత్రల్నీ మూత్రపిండాల్నీ అనుమానించాం. ఈమె సాయంత్రం ఆయన భార్య పక్కన కూర్చుని ఇంట్లో వంట ఎలా చేస్తారని అడిగింది. డాక్టరు ఉప్పు మానమన్నాడని ఆవిడ ఉప్పుకు బదులుగా దుకాణంలో అమ్మే పొడి వాడుతోంది. అది పొటాషియం క్లోరైడ్. మరునాడు రౌండ్స్‌లో ఈమె ఆ డబ్బా ఫొటో చూపించి, 'ఇది ఆవిడే చెప్పింది' అంది."

రెండో ఉత్తరంలో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవాడికి మూడు సంగతులు తెలిశాయి. ఈమెకు మందుల సంగతి తెలుసు, రోగి ఇంటివాళ్లతో ఓపికగా కూర్చుంటుంది, ఘనత తన ఖాతాలో వేసుకోదు. నాలుగో సంగతి కూడా ఉంది. రాసినవారు నిజంగా ఆ వార్డులో ఉన్నారు.

వచ్చేవాటిలో ఎక్కువ మొదటి రకమే. ఎవరికీ చెడ్డపేరు తేవడం ఇష్టం లేక అందరూ అందరినీ మెచ్చుకుంటే, మెచ్చుకోలుకు ధర పడిపోతుంది. అప్పుడు మాటల అడుగున మరో భాష మొలుస్తుంది. "మంచి విద్యార్థి", "అప్పజెప్పిన పని పూర్తిచేస్తాడు", "అంచనాలకు తగ్గట్టుంది" అంటే మనకు బాగానే వినిపిస్తుంది. అమెరికా డైరెక్టరు చెవికి అవి పెదవి విరుపులు. "ఏ సంకోచమూ లేకుండా", "మా ఇంట్లోవాళ్లకు జబ్బు చేస్తే ఇతనికే చూపిస్తాను", "మా దగ్గరే ఉంచుకోవాలని ప్రయత్నిస్తున్నాం" అన్నవి గట్టి మాటలు. ఈ మెట్లు ఎక్కడా అచ్చు వేసి లేవు. ఆ ఆసుపత్రుల్లో తిరిగినవాళ్లకు అలవాటు మీద వస్తాయి. బయటి నుంచి రాసే ప్రొఫెసరు నిండు మనసుతో "మంచి విద్యార్థి" అని రాసి, తెలియకుండానే శిష్యుడి కాలికి అడ్డు పడతాడు.

ఎమర్జెన్సీ వాళ్లు తయారుచేసిన ఫారం

ఈ జబ్బుకు ముందుగా మందు వెతికింది ఎమర్జెన్సీ మెడిసిన్ వాళ్లు. వాళ్ల ప్రోగ్రామ్ డైరెక్టర్ల మండలి 1990ల నడుమ ఒక ప్రామాణిక ఫారం తయారుచేసింది. ఇప్పుడు దాని పేరు 'స్టాండర్డైజ్డ్ లెటర్ ఆఫ్ ఇవాల్యుయేషన్', వాడుకలో స్లో. 'సిఫార్సు' అన్న మాట తీసేసి 'మూల్యాంకనం' అని పేరు మార్చుకోవడంలోనే వాళ్ల ఆలోచన తెలుస్తుంది.

ఆ ఫారంలో ఏం అడిగారో దగ్గరగా చూడాలి. ఈ విద్యార్థిని ఎంతకాలం, ఏ హోదాలో చూశారు? పనిమీద శ్రద్ధ, రోగి లక్షణాలను బట్టి ఏయే జబ్బులు కావచ్చో ఊహించి తర్వాత ఏం చేయాలో తేల్చే నేర్పు, నర్సులతో మెలిగే తీరు, రోగిపట్ల కరుణ — వీటిలో తోటివారితో పోలిస్తే ఎక్కడ నిలుస్తాడు? రెసిడెన్సీలో ఇతనికి ఎంత చేయూత కావలసి వస్తుంది? ఆ పైన అసలు ప్రశ్న: మొత్తంమీద ఇతను పై 10 శాతంలోనా, పై మూడోవంతులోనా, నడిమి మూడోవంతులోనా, అడుగు మూడోవంతులోనా?

అంతటితో ఊరుకోలేదు. నిరుడు మీరు ఇలాంటి ఉత్తరాలు ఎన్ని రాశారు, వాటిలో ఏ గడిలో ఎందరిని పెట్టారు అని కూడా ఆ ఫారం అడిగింది. పూచీ పడేవాడి పాత చిట్టా విప్పించడం ఇది. యాభై మందికి రాసి యాభై మందినీ పై 10 శాతంలో పెట్టినాయన సంతకానికి విలువ ఎంతో అక్కడే తేలిపోతుంది.

ఈ ఫారం నింపాల్సింది ఎమర్జెన్సీ విభాగం వాళ్లే. చాలాచోట్ల ఒక్కరు కాక, ఆ నెల ఆ విద్యార్థిని చూసిన అధ్యాపకులంతా కూర్చుని ఒకే ఫారం నింపుతారు. అందుకే అమెరికా విద్యార్థులు తమ కాలేజీలో ఒక నెల, బయటి ఆసుపత్రిలో ఒక నెల ఎమర్జెన్సీలో పనిచేసి రెండు స్లోలు సంపాదించుకుంటారు. నాలుగు వారాల పాటు ప్రతి షిఫ్టూ పరీక్షే.

మరి పొగడ్తల ద్రవ్యోల్బణం ఆగిందా? పూర్తిగా ఆగలేదు. పై 10 శాతం గడిలో పదిమందికి ఒకరి కంటే చాలా ఎక్కువ మంది కనిపిస్తున్నారని, అడుగు గడి బోసిగా ఉంటోందని ఆ రంగం వాళ్ల పరిశీలనలే చెప్పాయి. మనుషులు మారలేదు, గడులు మాత్రం వచ్చాయి. అయినా మామూలు ఉత్తరంతో పోలిస్తే ఫారం నయమని డైరెక్టర్లు అంటారు. ఎందుకంటే గడి నింపేవాడు కనీసం ఒక్క క్షణమైనా ఆగి, 'ఎవరితో పోలిస్తే?' అని తనను తాను అడుక్కోక తప్పదు.

స్పెషాలిటీకో ఆచారం

ఎమర్జెన్సీ దారిలో మిగతావాళ్లు ఒక్కొక్కరే నడిచారు. చెవి ముక్కు గొంతు, ఆర్థోపెడిక్స్, చర్మవ్యాధుల వాళ్లు తమ తమ ప్రామాణిక ఫారాలు తెచ్చుకున్నారు. ప్రసూతి, స్త్రీ వైద్యం వాళ్లూ ఇటీవలి సంవత్సరాల్లో అదే బాట పట్టారు. ఇవన్నీ చిన్న లోకాలు. రాసేవాడికీ చదివేవాడికీ సమావేశాల్లో ముఖపరిచయం ఉంటుంది. అబద్ధపు పూచీ పడితే మరుసటి ఏడాది ఆ మాట ముఖం మీదే వినిపిస్తుంది. అలాంటి చోట ఉత్తరానికి బరువెక్కువ.

ఇంటర్నల్ మెడిసిన్ సముద్రం. మన తెలుగు డాక్టర్లలో ఎక్కువమంది ఈదేది అందులోనే. ఒక్కో ప్రోగ్రామ్‌కు వేలల్లో దరఖాస్తులు వస్తాయి. అక్కడ 'ఛైర్ లెటర్' అనే ఆచారం ఉంది. విభాగాధిపతి పేరున వచ్చే ఉత్తరం అది. ఆయన ఆ విద్యార్థిని ఒకట్రెండు సార్లు చూసి ఉంటే గొప్ప. కింది అధ్యాపకుల అభిప్రాయాలు పోగుచేసి రాసేదే ఎక్కువ. ఇటీవల ఆ రంగం సంస్థలు దాని స్థానంలో ఒక నిర్మాణం గల మూల్యాంకన పత్రాన్ని వాడమని చెబుతున్నాయి. సైకియాట్రీ, పీడియాట్రిక్స్, పాథాలజీ వంటి చోట్ల ప్రోగ్రామ్‌ను బట్టి నియమాలు మారతాయి. అన్నిచోట్లా కనిపించే సూత్రం ఒకటే: ఉత్తరాల్లో కొన్నయినా ఆ స్పెషాలిటీ వాళ్లవి కావాలి. తమ పని కష్టం తెలిసినవాడు పడిన పూచీనే వాళ్లు నమ్ముతారు.

ఉత్తరం ఎంత పకడ్బందీగా ఉన్నా గిరాకీని దాటిపోలేదు. 2023 మ్యాచ్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్‌లోనే 550కి పైగా సీట్లు మొదట మిగిలిపోయాయి. సీట్లు ఖాళీగా ఉన్న ఏడాది నడిమి మూడోవంతు వాడికీ పిలుపు వస్తుంది. ఇరుకైన ఏడాది పై మూడోవంతు వాడు కూడా గుమ్మం బయటే నిలబడతాడు.

తూకంరాయిని తూచి చూస్తే

ఇంతకీ ఈ ఉత్తరాలు నిజం చెబుతాయా? పరిశోధకులు చెప్పినవి ఏమంత ఊరట కలిగించవు. 1981లో బాక్స్టర్ బృందం సైకాలజీ ఉన్నత విద్యకు వచ్చిన ఉత్తరాలను పోల్చి చూసింది. ఒకే విద్యార్థి గురించి ఇద్దరు రాసిన ఉత్తరాల మధ్య ఉన్న పోలిక కంటే, ఇద్దరు విద్యార్థుల గురించి ఒకే మనిషి రాసిన ఉత్తరాల మధ్య పోలిక ఎక్కువగా ఉందట. అంటే ఉత్తరం విద్యార్థి ముఖం కంటే రాసినవాడి ముఖాన్నే బాగా చూపిస్తోంది. ఆర్థోపెడిక్స్ ఉత్తరాలను వేర్వేరు అధ్యాపకుల చేత చదివించి మార్కులు వేయిస్తే వాళ్ల మార్కులకు పొంతన కుదరలేదని 2000లో మరో అధ్యయనం చెప్పింది. రాసేవాడి చేయీ, చదివేవాడి కన్నూ రెండూ ఊగుతున్నాయన్నమాట.

పక్షపాతం మాటకొస్తే ఎక్కువగా చెప్పుకునేది 2003లో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా రాసిన వ్యాసం. ఒక అమెరికన్ మెడికల్ కాలేజీలో అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన 300కు పైగా ఉత్తరాలను వాళ్లు చదివారు. ఆడవాళ్ల గురించి రాసినవి పొట్టిగా ఉన్నాయి, అనుమానం రేపే మాటలు వాటిలో ఎక్కువ ఉన్నాయి. మగవాళ్ల విషయంలో పరిశోధన, సామర్థ్యం గురించిన మాటలు వస్తే, ఆడవాళ్ల విషయంలో బోధన, కష్టపడే గుణం ముందుకొచ్చాయి. 'కష్టజీవి' అన్న బిరుదు వెనుక 'తెలివి సంగతి చెప్పలేను' అన్న ధ్వని దాగి ఉంటుందని ఆ వ్యాసం చదివితే తెలుస్తుంది. ఆ తర్వాత రెసిడెన్సీ ఉత్తరాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నిచోట్ల తేడా కనిపించింది, కొన్నిచోట్ల అంతగా లేదు.

అయితే ఉత్తరాలే వద్దనుకుంటే? బ్రిటన్‌లో స్పెషాలిటీ శిక్షణకు రిఫరెన్సులు అడిగేది సీటు ఇవ్వజూపిన తర్వాత. అవి ఎంపికకు కొలబద్దలుగా కాక, ఆఖరి తనిఖీగా పనికొస్తాయి. మన దేశంలో అసలు లేనేలేవు. ర్యాంకు ఎవరి మొహమాటానికీ లొంగదు, అది దాని గొప్పతనం. పొటాషియం డబ్బా కనిపెట్టిన అమ్మాయికీ, ఇంటర్న్‌షిప్ ఏడాదంతా వార్డు ఎగ్గొట్టి ప్రశ్నల బ్యాంకు బట్టీపట్టిన అబ్బాయికీ తేడా దానికి తెలియదు, అది దాని గుడ్డితనం. అమెరికావాళ్లు ఊగే తక్కెడను ఇంకా వదలకపోవడానికి కారణం ఇదేననుకుంటాను. తూకం సరిగా లేకపోవచ్చు గానీ, తూచే సరుకు మాత్రం సరైనదే.

అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ వన్‌కు 2022 జనవరి 26 నుంచి మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. పెద్ద స్కోరుతో ముందువరసకు వచ్చే దారి మన పిల్లలకు ఒకటి మూసుకుపోయింది. స్టెప్ టూ సీకే మార్కులు ఉన్నాయి నిజమే. మిగిలిన బరువులో కొంత ఉత్తరాల మీదకు జరిగింది.

మన వైపు నుంచి చూస్తే

2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ కాలేజీల ఆఖరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి చోటు దొరికితే, అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 58.5 శాతం మందికే దొరికింది. ఈ తేడాకు వీసా, పట్టా వచ్చిన ఏడాది వంటి కారణాలెన్నో ఉన్నాయి. ఉత్తరం వాటిలో ఒకటి. మన ఉత్తరాలు ఎలా పుడతాయో ఏ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలోనైనా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నిలబడితే చూడవచ్చు. ఆఖరి రోగి వెళ్లాక హౌస్‌సర్జన్ ఫైలు పట్టుకుని తలుపు దగ్గర తచ్చాడుతుంటుంది.

"ఏమ్మా, అమెరికానా?"

"అవును సార్. సెప్టెంబర్‌లో అప్లికేషన్."

"మంచిది. డ్రాఫ్ట్ రాసుకొచ్చావా?"

"తెచ్చాను సార్."

"లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీయించి పట్రా, సంతకం పెట్టేస్తాను. ఆ అప్‌లోడ్ సంగతేదో నువ్వే చూసుకోమ్మా, నాకు అవన్నీ తెలీవు."

ఇందులో దుర్బుద్ధి ఎవరికీ లేదు. ఆయనకు అభిమానమే, పైగా ఓపీలో రెండొందల మందిని చూసి అలసిపోయాడు. కానీ పూచీ పడాల్సిన మనిషి నోరు విప్పలేదు, అప్పు అడిగేవాడే పూచీకత్తు రాసుకున్నాడు. అప్‌లోడ్ కూడా అమ్మాయే చేస్తే అది నియమభంగం. ఉత్తరాల్లో అవకతవకలు బయటపడితే ఈసీఎఫ్‌ఎంజీ విచారణకు తీసుకుంటుంది, ఆ మచ్చ రికార్డులో మిగులుతుంది.

ఆ డ్రాఫ్టులో ఏముంటుంది? మనందరం స్కూలు వదిలేటప్పుడు తీసుకున్న కాండక్ట్ సర్టిఫికెట్టే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. సిన్సియర్, పంక్చువల్, ఒబీడియెంట్, గుడ్ మోరల్ క్యారెక్టర్. 'విధేయురాలు' అన్నది మన చెవికి మెప్పు. తప్పు కనిపిస్తే సీనియర్‌నైనా ఆపాల్సిన ఉద్యోగానికి మనిషిని వెతుకుతున్న డైరెక్టరుకు అది ఎందుకు రాశారో అర్థం కాదు.

దురదృష్టం ఏమిటంటే, మన ప్రొఫెసర్ల దగ్గర రాయడానికి సరుకు లేక కాదు. అమెరికా విద్యార్థి చాలా పనులు దూరం నుంచి చూస్తాడు. మన హౌస్‌సర్జన్ ఏడాది పాటు కాన్పులు చేస్తుంది, కుట్లు వేస్తుంది. అర్ధరాత్రి కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని బాలింతకు సెలైన్ లైను పెట్టి, బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తి, గ్రూపు దొరక్కపోతే రోగి బంధువుల్లోనే దాతను వెతికి పట్టుకొస్తుంది. యూనిట్ చీఫ్ ఇదంతా తెల్లారి రౌండ్స్‌లో విన్నాడు, మనసులో మెచ్చుకున్నాడు. ఉత్తరంలో మాత్రం 'పంక్చువల్' అని సంతకం పెట్టాడు. చూసింది బోలెడు, రాసింది చిటికెడు.

కొనుక్కునే ఉత్తరాలు, యంత్రం రాసే ఉత్తరాలు

ఇక్కడి ఉత్తరం చెల్లదన్న భయం మన డాక్టర్లను అమెరికా ఆసుపత్రుల్లో కొన్ని వారాలు గడిపే రొటేషన్లకు తరుముతుంది. అక్కడివాళ్లు రాసిన ఉత్తరానికి విలువ ఎక్కువన్నది నిజమే, రాసినవాడి కొలబద్ద చదివేవాడికి తెలుసు కాబట్టి. అయితే రోగిని ముట్టుకునే అవకాశమున్న ఎలక్టివ్ వేరు, చేతులు కట్టుకుని నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్ వేరు. చదువు పూర్తికాక ముందైతే మొదటిది దొరికే వీలుంటుంది, పట్టా చేతికొచ్చాక చాలావరకు రెండోదే గతి. నాలుగు వారాలు వెనకాల నిలబడినవాడి గురించి డాక్టరు ఏం రాయగలడు? "ఆసక్తిగా ఉన్నాడు, మంచి ప్రశ్నలు అడిగాడు." ఈ కరువు మీద ఒక వ్యాపారం లేచింది. డబ్బు కడితే నెల రొటేషన్, చివర్లో ఉత్తరం ఖాయం అనే దళారులున్నారు. ఉత్తరం ముందే ఖాయమైతే అది రసీదు అవుతుంది. ఒకే క్లినిక్ నుంచి ఏటా అవే వాక్యాలతో వచ్చే రసీదులను గుర్తుపట్టడం డైరెక్టర్లకు కష్టమేం కాదు. దళారి లేని దారీ ఒకటుంది. గుంటూరు, ఉస్మానియా వంటి పాత కాలేజీల పూర్వవిద్యార్థులు అమెరికాలో చాలామంది ఉన్నారు. సీనియర్ ఇంట్లో చోటు, ఆయన ఆసుపత్రిలో పరిచయం దొరకడం గొప్ప అండ. ఆ పరిచయం తలుపు దాకా తీసుకెళుతుంది. లోపల చేసిన పనే ఉత్తరమవుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 2023లో ఒక అధ్యయనంలో సిఫార్సు ఉత్తరాల్లో మనిషి రాసినవేవో, యంత్రం రాసినవేవో చెప్పమంటే, అనుభవం ఉన్న అధ్యాపకులు కూడా బొమ్మా బొరుసా వేసినదాని కంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోయారు. నాకు ఇందులో యంత్రం గొప్ప కంటే మన ఉత్తరాల పేదరికమే కనిపిస్తోంది. ఏ వార్డూ చూడని యంత్రం రాసింది ఏళ్లుగా మనం రాస్తున్నదానిలా ఉందంటే, మనం కూడా వార్డు వదిలేసి రాస్తున్నామన్నమాట. ఉప్పు డబ్బా సంగతి ఎవరైనా చెబితే తప్ప యంత్రానికి తెలియదు.

అడిగే తీరు, రాసే తీరు

దీనంతటి నుంచి దరఖాస్తుదారు తీసుకోవలసినవి మూడే. పెద్ద పేరు కంటే దగ్గరి చూపు మేలు. మీ పేరు తడుముకునే డీన్ కంటే మీతో నెల రోజులు వార్డు తిరిగిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉత్తరం బలమైనది. రెండోది, రొటేషన్ ముగిసిన వారంలోనే అడగాలి. అడిగేటప్పుడు "ఉత్తరం ఇస్తారా" అనొద్దు, "నా గురించి మీరు గట్టిగా రాయగలరా సార్" అనాలి. ఆయన తటపటాయిస్తే దండం పెట్టి వచ్చేయండి, ఆ తటపటాయింపు మీకు మేలే చేసింది. మూడోది, డ్రాఫ్టు బదులు ఒక జాబితా ఇవ్వండి: ఆయన కళ్లముందు మీరు చూసిన నాలుగు కేసులు, తేదీలు, మీరేం చేశారు, ఎక్కడ పొరపడ్డారు. వాక్యాలు ఆయనవి కానివ్వండి. అప్‌లోడ్ దగ్గర పక్కన కూర్చుని ఎలా చేయాలో చూపించవచ్చు, మీట మాత్రం ఆయనే నొక్కాలి.

రాసేవారికి చెప్పాల్సింది ఇంకా తక్కువ. అమెరికావాళ్లు ఇంత కాలం తంటాలు పడి, ఫారాలు గీసి, చిట్టాలు విప్పించి రాబట్టాలని చూస్తున్నది ఒక్క వాక్యం. ఫారం లేకపోయినా, ఇంగ్లీషు అంత బాగా రాకపోయినా, విశాఖలోనో వరంగల్‌లోనో కూర్చుని ఏ యూనిట్ చీఫ్ అయినా దాన్ని రాయగలడు. "ఈ ఏడాది నా యూనిట్‌లో పద్నాలుగు మంది హౌస్‌సర్జన్లు పనిచేశారు. వారిలో ఈమెను మొదటి ఇద్దరిలో ఉంచుతాను. ఎందుకో చెబుతాను: ఒక రాత్రి బ్లడ్ బ్యాంకులో గ్రూపు దొరకలేదు..."